అంత శుభ్రంగా కడిగిన తర్వాతే చేపలు ఎందుకు చనిపోయాయి?

మీరు వ్రాసిన సంగతులను ముందుగా రోజుల వరుసలో పెట్టుకుంటాను. జవాబు చాలావరకు ఆ వరుసలోనే ఉంది. 60 లీటర్ల కొత్త ట్యాంకులో నీళ్లు నింపిన మరునాడే రెండు గోల్డ్‌ఫిష్‌లను, ఆరు నియాన్ టెట్రాలను వదిలారు. వారం రోజులు అన్నీ హుషారుగా తిరిగాయి. ఇంట్లో ఐదుగురూ ముచ్చటపడి మేత వేశారు. తొమ్మిదో రోజున నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడటంతో ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, గులకరాళ్లను వేడినీటితో కడిగి, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పిండి, మళ్లీ కుళాయి నీళ్లు నింపారు. తెల్లవారేసరికి రెండు టెట్రాలు చనిపోయాయి. మరో నాలుగు రోజులకు గోల్డ్‌ఫిష్‌లు రెండూ పైకి తేలి గాలి కోసం నోళ్లు తెరిచాయి. వాటిలో ఒకటి నిన్న పోయింది. ఇది ఏ రోగం, ఏ మందు వేయాలి అని మీరు అడిగారు. ఏడేళ్ల మీ పాప ట్యాంకు వైపు చూడటం మానేసిందనీ, మూగజీవాల ఉసురు మనకెందుకని మీ అత్తగారు అంటున్నారనీ కూడా వ్రాశారు.

ఇది రోగమని నేను అనుకోవడం లేదు. మీరు చెప్పిన దానిలో ఒంటిపై మచ్చలు గానీ, కుళ్లిన రెక్కలు గానీ, ఉబ్బిన పొట్ట గానీ లేవు. కనుక మందు కొనకండి. తెలియని రోగానికి వేసిన మందు అసలే దెబ్బతిన్న మొప్పల మీద ఇంకొక భారం అవుతుంది. మిగిలిన ఐదు చేపల కోసం ఈ రాత్రే చేయవలసిన పని వేరే ఉంది. 20 లీటర్ల నీటిని తీసివేసి, కుళాయి నీటిలోని క్లోరిన్‌ను విరిచే యాంటీ క్లోరిన్ ద్రావణం కలిపిన, ట్యాంకు నీటితో సమానమైన వెచ్చదనం ఉన్న నీటిని నెమ్మదిగా పోయండి. రేపు ఉదయం మరొకసారి అదే చేయండి. మూడో వంతు చొప్పున రెండుసార్లు మారిస్తే నీటిలో పేరుకున్న విషం సగానికంటే తక్కువకు దిగుతుంది, చేపలు మాత్రం ఒక్కసారిగా కొత్త నీటిలో పడవు. రెండు రోజులు మేత పూర్తిగా ఆపండి. ఫిల్టరు నీరు పైభాగాన్ని బాగా కదిలించేలా దాని మూతిని పైకి తిప్పండి. అమ్మోనియా, నైట్రైట్‌లను కొలిచే టెస్ట్ కిట్ దొరికితే వెంటనే కొలవండి; దొరకకపోయినా నీటిని మార్చడం మాత్రం ఆపవద్దు.

ఇక కారణం. చేప తిన్న మేతలోని మాంసకృత్తుల నుంచి పుట్టే అమ్మోనియాలో అధిక భాగం మలంలో కాక నేరుగా మొప్పల ద్వారా నీటిలోకి వస్తుంది. అంటే కంటికి ఏ మురికీ కనిపించకపోయినా, చేప ఊపిరి తీస్తున్నంతసేపూ నీరు విషమవుతూనే ఉంటుంది. నదిలో, చెరువులో ఆ అమ్మోనియా అపారమైన నీటిలో కరిగిపోతుంది. 60 లీటర్లలో దానికి పోవడానికి చోటు లేదు. కొంతకాలం నడిచిన ట్యాంకులో ఈ పనిని బాక్టీరియా చేస్తుంది. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి, మరొక జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే: అది చేప రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువును మోయలేని రూపంలోకి మార్చేస్తుంది, అందువల్ల నీటిలో గాలి సమృద్ధిగా ఉన్నా చేప ఉక్కిరిబిక్కిరి అవుతుంది. చివరిదైన నైట్రేట్ చాలా నయం; వారానికొకసారి కొంత నీటిని మార్చి దానిని అదుపులో ఉంచుకోవచ్చు.

ఈ బాక్టీరియా నీటిలో తేలియాడుతూ ఉండదు. స్పాంజి రంధ్రాలలో, గులకరాళ్ల మీద, గాజు మీద సన్నని జిగురు పొరగా అంటుకుని ఉంటుంది. మనం చేత్తో తాకి "పాచి పట్టింది, కడగాలి" అనుకునేది చాలాసార్లు దీనినే. పైగా ఇది మందకొడిగా పెరిగే జీవి. కుళ్లిన మేత మీద బతికే మామూలు బాక్టీరియా గంటలోపే రెట్టింపు కాగలదు. అమ్మోనియాను తినే ఈ రకానికి రెట్టింపు కావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. కొత్త ట్యాంకులో ఇది చాలినంత పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. కడిగేనాటికి మీ ట్యాంకు వయసు తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులలో అంటుకున్న కొద్దిపాటి పొరను వేడినీరు, కుళాయి నీటిలోని క్లోరిన్ కలిసి తుడిచిపెట్టాయి. బాక్టీరియాను చంపడానికే నీటిలో క్లోరిన్ కలుపుతారు గనుక, అది తన పని తాను చేసింది.

మరి ఆ తెల్లదనం? అది కూడా బాక్టీరియాయే, కాకపోతే ఇంతకు ముందు చెప్పిన వేగంగా పెరిగే రకం. మిగిలిపోయిన మేత కుళ్లి దానికి ఆహారమైంది. మేత తగ్గించి, గాలి బాగా ఆడేలా చూసి వదిలేసి ఉంటే కొద్ది రోజుల్లో దానంతటదే తేటపడేది. కొత్త ట్యాంకు పెట్టిన ప్రతి ఇంట్లోనూ దాదాపు ఇది కనిపిస్తుంది, దాదాపు ప్రతి ఇంట్లోనూ మీరు చేసిన పనే చేస్తారు. మొదటి రెండు టెట్రాలు చనిపోయింది అమ్మోనియా వల్ల అనుకోను, ఎందుకంటే ఆ పూట నీరంతా కొత్తదే. విరిచివేయని క్లోరిన్, నీటి వెచ్చదనంలోనూ, పీహెచ్‌లోనూ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) ఒక్కసారిగా వచ్చిన తేడా వాటిని తీసుకుపోయి ఉండాలి. చిన్న చేపలు ముందుగా పోతాయి. గోల్డ్‌ఫిష్ కథ వేరు. అది మొదటి దెబ్బను తట్టుకుంది గానీ, బాక్టీరియా లేని ట్యాంకులో మళ్లీ మొదటి నుంచి పేరుకున్న అమ్మోనియా, బహుశా దాని వెంట నైట్రైట్, నాలుగైదు రోజుల్లో దాని మొప్పలను పాడుచేశాయి. ఫిల్టరు నడుస్తుండగానే చేప పైకి వచ్చి నోరు తెరుస్తున్నదంటే లోపం గాలిలో కాక మొప్పలో లేదా రక్తంలో ఉన్నదని ముందుగా అనుమానించాలి.

దీనిని ఇంత నమ్మకంగా చెప్పడానికి కారణం మా ఇంటి అనుభవం. పద్దెనిమిదేళ్ల కిందట మా మొదటి ట్యాంకును మా అమ్మ సరిగ్గా ఇలాగే తోమింది. ఇంట్లో గిన్నె నుంచి గడప దాకా దేనినైనా తళతళలాడించడం ఆమెకు అలవాటు. తన మనవల చేపలు జిగురు పట్టిన రాళ్ల మధ్య ఉండటం ఆమె చూడలేకపోయింది. సబ్బు వాడలేదు, అంతవరకు మా అదృష్టం. అయినా వారంలో ఏడు చేపలు పోయాయి. ఆమె చాలాకాలం తన చేతి దోషమేమో అనుకుంది. నిజానికి తప్పు నాది. ట్యాంకును తెచ్చి అలమర పక్కన పెట్టానే గానీ, ఇంట్లో మిగతా వస్తువులకు వర్తించే శుభ్రత దీనికి వర్తించదని నాకూ తెలియదు, నేను ఎవరికీ చెప్పలేదు. కనుక మీ ఇంట్లో కడిగినవారు ఎవరైనా, వారిని ఏమీ అనకండి.

ఈ విషయాన్ని మనుషులు అర్థం చేసుకోవడానికి నిజంగానే చాలాకాలం పట్టింది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు, గాజు తొట్టిలో రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను నీటిమొక్కలతో కలిపి పెంచిన ప్రయోగాన్ని ప్రకటించాడు. మొక్కలు ప్రాణవాయువు ఇచ్చాయి గానీ, రాలిన ఆకులు కుళ్లి నీటిని చెరపసాగాయి. నత్తలను వదిలాక అవి ఆ కుళ్లును తినడంతో నీరు నిలకడకు వచ్చింది. కంటికి కనిపించే పాత్రలన్నింటినీ ఆయన గుర్తించాడు, కనిపించని పాత్ర, అంటే బాక్టీరియా, ఇంకా మిగిలింది. మన ట్యాంకులలో నైట్రైట్‌ను మార్చేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం నమ్మి, 1998లో గానీ మంచినీటి ట్యాంకులలో ఆ పని ప్రధానంగా నైట్రోస్పైరా రకానిదని గ్రహించలేదు. సీసాలలో అమ్మే బాక్టీరియా ద్రావణాలు అన్నీ ఒకేలా పనిచేయకపోవడానికి ఇదీ ఒక కారణం. లోపల ఉన్నది సరైన జాతి కావాలి, అది బతికీ ఉండాలి. అటువంటి సీసా కొంటే కొనండి గానీ, దాని మీద భరోసాతో నీటిని కొలవడం మానకండి.

రాబోయే ఆరు వారాలు మీ పని ఇలా ఉంటుంది. ప్రతిరోజూ అమ్మోనియాను, నైట్రైట్‌ను కొలవండి. రెండింటిలో ఏది లీటరుకు అర మిల్లీగ్రాము చేరినా నాలుగో వంతు నుంచి మూడో వంతు నీటిని మార్చండి. మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, అది తగ్గే వేళకు నైట్రైట్ లేస్తుంది, అదీ తగ్గాక నైట్రేట్ మాత్రమే కనిపిస్తుంది. నైట్రైట్ లేచిన రోజుల్లో 60 లీటర్లకు ఒక చిన్న చెంచాడు, అంటే సుమారు 5 గ్రాముల మామూలు ఉప్పును విడిగా నీటిలో కరిగించి పోస్తే మేలు చేస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి పోనివ్వకుండా అడ్డుపడుతుంది. ఆ తర్వాత నీటిని మార్చినప్పుడల్లా తీసిన నీటితో పోయిన ఉప్పును మాత్రమే తిరిగి చేర్చాలి, లేకపోతే తెలియకుండానే నీరు ఉప్పదనానికి వస్తుంది.

కొలతలను చదివేటప్పుడు పీహెచ్‌ను కూడా చూడండి, దానికి కారణం ఉంది. కిట్ చూపే అమ్మోనియా మొత్తం విషం కాదు. అందులో కొంత భాగమే మొప్పలను కాల్చే రూపంలో ఉంటుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీహెచ్ 7 ఉన్న నీటిలో ఆ భాగం వందకు ఒకటి కంటే తక్కువ, పీహెచ్ 8 ఉన్న నీటిలో వందకు ఐదుకు పైగా. ఒకే అంకె ఒక ఇంట్లో ప్రమాదం కాకపోవడం, మరో ఇంట్లో చేపలను చంపడం ఇందువల్లనే. నెలల తరబడి నీరు మార్చని పాత ట్యాంకులో పీహెచ్ మెల్లగా పడిపోతుంది. పండుగకో చుట్టాలు వస్తున్నారనో ఒకేసారి సగానికి పైగా కొత్త నీరు పోస్తే పీహెచ్ పైకి లేచి, అప్పటిదాకా నిద్రపోతున్న అమ్మోనియా విషంగా మేల్కొంటుంది. "నీళ్లు మార్చిన రోజే చేపలు పోయాయి" అనేవారి కథలలో చాలావాటికి మూలం ఇక్కడ ఉంటుంది.

మేత విషయం ఇంట్లో అందరితో కూర్చుని మాట్లాడవలసినది. గోల్డ్‌ఫిష్‌కు మనలాగా జీర్ణాశయం ఉండదు. తిన్నది పేగులోకి సాగిపోతుంది, అది రోజంతా ఏదో ఒకటి వెతుకుతూనే ఉంటుంది. మనిషి కనిపించగానే గాజు దగ్గరికి వచ్చి తోక ఆడిస్తుంటే ఆకలిగా ఉన్నదనుకుని చూసినవారల్లా చిటికెడు వేస్తారు. ఐదుగురు ఐదు చిటికెలు వేసిన ఇంట్లో ఎవరూ ఎక్కువ వేయలేదు, చేపలకు మాత్రం ఐదింతలు పడింది. మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా ఇది ఆగలేదు. చివరికి వారానికి సరిపడా మందుబిళ్లలు పెట్టుకునే ఏడు గదుల డబ్బా ఒకటి తెచ్చి, ఆదివారం నాడు ఏడు రోజుల మేతను నేనే కొలిచి అందులో పోయడం మొదలుపెట్టాను. ఆ రోజు గది ఖాళీగా ఉంటే చేపలు తిన్నట్టు, నిండి ఉంటే తిననట్టు. అడగనక్కరలేదు, వాదించనక్కరలేదు. ఒక గదిని కావాలనే ఖాళీగా ఉంచేవాడిని, ఆ రోజు చేపలకు ఉపవాసం. రెండు నిమిషాల్లో చేపలు పూర్తిగా తినగలిగినంతే ఆ గదిలో ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప వారం రోజులు మేత లేకున్నా ఉండగలదు గనుక, ఊరికి వెళ్లేటప్పుడు డబ్బా నిండా మేతను పొరుగువారి చేతిలో పెట్టకండి.

శుభ్రం చేయడం మానమని నా ఉద్దేశం కాదు, తీరు మార్చమంటున్నాను. వారానికొకసారి నాలుగో వంతు నీటిని గొట్టంతో గులకరాళ్ల అడుగు నుంచి పీల్చి తీయండి; మలం, మిగిలిన మేత అందులో వస్తాయి. ఫిల్టరులో నీటి ధార తగ్గినప్పుడు మాత్రమే స్పాంజిని, అప్పుడే తీసిన ట్యాంకు నీటి బకెట్టులో రెండు మూడుసార్లు పిండి పెట్టేయండి. అది గోధుమ రంగులోనే ఉంటుంది, ఉండనివ్వండి. నీటిని రాత్రంతా నిలవ ఉంచితే క్లోరిన్ పోతుందన్న మాట క్లోరిన్ వరకు నిజమే గానీ, కొన్నిచోట్ల నీటిలో క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమిన్ కలుపుతారు, అది అలా పోదు. అందుకే యాంటీ క్లోరిన్ ద్రావణం వాడటమే మంచిది. బకెట్టు, గొట్టం ట్యాంకుకే కేటాయించండి. సబ్బు చేతులు, చేతికి రాసుకున్న క్రీములు నీటిలో ముంచవద్దు. దోమల మందు చల్లేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం: అందులో వాడే పైరిథ్రాయిడ్‌లు మనుషులకంటే చేపలకు ఎన్నో రెట్లు ప్రమాదకరం, గదిలోని గాలిని ఎయిర్ పంపు నేరుగా తీసుకువెళ్లి నీటిలో కలుపుతుంది. ట్యాంకు ఉన్న గదిలో అటువంటిది చల్లకపోవడం మేలు. తప్పకపోతే పంపు ఆపి, తడిగుడ్డతో ట్యాంకును పూర్తిగా కప్పి, గది గాలి మారాకే తీయండి.

కరెంటు పోయిన వేళ కూడా గాలి సమస్యే. 20 డిగ్రీల దగ్గర లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకోగలదు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. వెచ్చని నీటిలో చేపకు అవసరం ఎక్కువ, లభ్యం తక్కువ. మగ్గుతో నీటిని తీసి జానెడు ఎత్తు నుంచి తిరిగి అందులోనే పోస్తూ ఉంటే చాలు, గంటకొకసారి కొన్ని నిమిషాలు.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. మీరు ఎంచుకున్న రెండు జాతులు ఒకే ట్యాంకులో ఉండవలసినవి కావు. గోల్డ్‌ఫిష్ చల్లని నీటి చేప, సుమారు 18 నుంచి 22 డిగ్రీలు దానికి హాయి. నియాన్ టెట్రా అమెజాన్ ప్రాంతపు చేప, దానికి 22 నుంచి 26 డిగ్రీలు కావాలి. అంతకంటే ముఖ్యం, మీ చేతి వేలంత ఉన్న ఆ గోల్డ్‌ఫిష్ ఇంకా పిల్లే. పెరిగితే జానెడు దాటుతుంది, నాలుగు సెంటీమీటర్లకు మించని టెట్రాను ఏదో ఒక రోజు మింగుతుంది. సరిగా చూసుకుంటే పది పదిహేనేళ్లు సునాయాసంగా బతికే ప్రాణి అది. ఇంగ్లండులో టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్లు బతికింది. అటువంటి దానిని గుండ్రని గాజు గిన్నెలో పెట్టి ఆర్నెల్లకు పోతే "వాటి ఆయుష్షు అంతే" అనుకోవడం మనకు అలవాటైంది. మూగజీవాల ఉసురు అన్న మీ అత్తగారి మాటను ఈ ఒక్క సందర్భంలో నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కనుక గోల్డ్‌ఫిష్‌ను పెద్ద ట్యాంకో ఇంటి తొట్టో ఉన్నవారికి ఇచ్చేయండి. చెరువులోనో కాలువలోనో మాత్రం వదలకండి. అక్కడ బతికితే స్థానిక చేపల నోటి కూడు తీస్తుంది, వాటికి కొత్త రోగాలు అంటిస్తుంది.

మిగిలిన నాలుగు టెట్రాలకు తోడు కావాలి. అవి గుంపుగా తిరిగే చేపలు, ఆరుకు తగ్గితే బెదురుతాయి. కానీ అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరుసగా వారం రోజులు సున్నా చూపేదాకా ఒక్క చేపను కూడా తేవద్దు. తెచ్చాక రెండు మూడు వారాలు విడి తొట్టిలో ఉంచండి. ఆ గడువులో ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్ల మచ్చలు కనిపిస్తే అది ఇక్ అనే పరాన్నజీవి. చేప చర్మం కింద ఉన్నప్పుడు దానికి మందు తగలదు. రాలిపోయి అడుగున విభజన చెంది, కొత్త పిల్లలు నీటిలో ఈదే దశలోనే చస్తాయి. మచ్చలు పోయాయని మందు మధ్యలో ఆపితే తిరిగి వచ్చేది అందుకే.

పాప విషయానికి వస్తే, చేప నిద్రపోయిందనో ఊరెళ్లిందనో చెప్పకండి. నీరు ఎందుకు చెడిందో ఆమెకు అర్థమయ్యే మాటలలో చెప్పవచ్చు. ఏడేళ్ల పిల్లకు కిట్‌లోని రంగులు పోల్చడం బాగా వస్తుంది. మా అమ్మాయి ఆ వయసులో రోజూ చేపలను లెక్కపెట్టి, నీటి వెచ్చదనాన్ని, రంగు అంకెలను ఒక నోటు పుస్తకంలో వ్రాసేది. ఒకసారి నాకంటే ముందు నైట్రైట్ పెరగడాన్ని పట్టుకుంది. సీసాలలోని ద్రావణాలను మాత్రం మీరే పోయండి.

గోల్డ్‌ఫిష్‌ను ఇవ్వడానికి వెళ్లినప్పుడు వారి ట్యాంకు ఎంతకాలంగా నడుస్తున్నదో, ఇటీవల ఏ రోగమైనా వచ్చిందో అడగండి. ఏ రోగమూ లేకుండా ఏడాది దాటి ఉంటే, వారి ఫిల్టరు స్పాంజిలో అరచేతంత ముక్క ఇమ్మనండి. వారి ట్యాంకు నీటిలోనే ముంచి, ఆరిపోకుండా తెచ్చి, అదే రోజు మీ ఫిల్టరులో పెట్టేయండి. ఆరు వారాల ఎదురుచూపు రెండు వారాలకు తగ్గవచ్చు. కొలవడం మాత్రం అప్పటికీ మానవద్దు.